ఫార్మాట్ కొట్టే ముందు... ఒక్క నిమిషం!

కంప్యూటర్ స్విచ్ నొక్కారు. ఫ్యాను తిరిగింది. లైటు వెలిగింది. విండోస్ మాత్రం రాలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో ఒకే ఒక్క వాక్యం... ఫలానా ఫైలు కనిపించడం లేదని! ఆపి మళ్లీ వేస్తే మళ్లీ అదే. ఇంట్లో అందరికీ కంగారు. అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు అందులోనే ఉంది. అన్నయ్య పెళ్లి ఫొటోలు అందులోనే ఉన్నాయి. నాన్నగారి ధాన్యం లెక్కలూ అందులోనే!

రాయవరం లాంటి ఊళ్లో ఈ కంగారు ఇంకాస్త ఎక్కువ. సీపీయూను దుప్పట్లో చుట్టి, బండి మీద పెట్టుకుని మండపేటకో రామచంద్రపురానికో తీసుకెళ్లాలి. అక్కడ చాలాసార్లు వినిపించే మాట ఒకటుంది. 'విండోస్ పోయిందండీ. ఫార్మాట్ కొట్టేద్దాం' అని. తెలియనివాళ్లు 'సరే, కానీయండి' అంటారు. సాయంత్రానికి కంప్యూటర్ కొత్తదానిలా లేస్తుంది. లోపల చూస్తే ఫొటోలుండవు, లెక్కలుండవు. అప్పటిదాకా అవి భద్రంగానే ఉన్నాయి. పోయింది ఆ 'సరే' అన్నాకే!

అందుకే కంప్యూటర్ మొరాయించినప్పుడు ముందుగా గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. కనిపించకుండా పోయిన సిస్టమ్ ఫైలు మళ్లీ దొరుకుతుంది. మీ ఫైలు దొరకదు. కాబట్టి ముందు మీది కాపాడుకోవాలి, ఆ తర్వాతే విండోస్ సంగతి చూడాలి.

కాలువకు అడ్డం పడితే...

కంప్యూటర్‌లో రెండు రకాల ఫైళ్లుంటాయి. కంప్యూటర్‌ను నడిపించే సిస్టమ్ ఫైళ్లు ఒక రకం. వాటిని తయారుచేసింది మైక్రోసాఫ్ట్. అవే ఫైళ్లు కోట్ల కంప్యూటర్లలో ఉన్నాయి. ఒకటి పాడైతే ఇంకోచోట నుంచి తెచ్చుకోవచ్చు. రెండోది మీరు తయారు చేసుకున్నవి. ఫొటోలు, ఉత్తరాలు, లెక్కలు. ఇవి ప్రపంచం మొత్తమ్మీద మీ దగ్గర తప్ప ఎక్కడా ఉండవు.

మరి ఒక్క ఫైలు లేకపోతే మొత్తం కంప్యూటర్ ఎందుకు ఆగిపోతుంది? డెల్టాలో పుట్టి పెరిగినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీరు నేరుగా పొలంలోకి రాదు. ప్రధాన కాలువ, బ్రాంచి కాలువ, పంట బోదె దాటుకుని రావాలి. మధ్యలో ఒక్క లాకు తలుపు ఇరుక్కున్నా దిగువ పొలానికి నీరందదు. అలాగని పొలం ఎక్కడికీ పోదు కదా!

కంప్యూటర్ లేవడమూ అంతే. స్విచ్ నొక్కగానే మదర్‌బోర్డు మీద ఉండే చిన్న ప్రోగ్రామ్ మేల్కొంటుంది. పాతవాటిలో దాని పేరు బయోస్, కొత్తవాటిలో యూఈఎఫ్ఐ. అది ర్యామ్, కీబోర్డు వంటివి సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని, విండోస్ ఏ డిస్కులో ఉందో వెతుకుతుంది. ఆ డిస్కులోని బూట్ మేనేజర్‌కు పని అప్పగిస్తుంది. బూట్ మేనేజర్ విండోస్ లోడర్‌ను పిలుస్తుంది. లోడరేమో విండోస్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను, డ్రైవర్లను తెచ్చి మెమరీలో పెడుతుంది. అప్పుడు గానీ మనకు తెర మీద బొమ్మ రాదు. ఈ వరసలో ఏ ఒక్కరు పలక్కపోయినా పని అక్కడే ఆగుతుంది. మీ ఫొటోలు మాత్రం డిస్కులో ఉన్నచోటే ఉంటాయి.

శంషాబాద్‌లో చేతిరాత పాసులు

ఒక్క ఫైలు ఎంత పని చేయగలదో 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది. ఆ శుక్రవారం శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కారణం క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న అప్‌డేట్. మన కాలమానం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు అది బయల్దేరింది. అందులోని ఒక ఫైలులో దోషం ఉంది. దాన్ని చదవబోయిన ప్రతి విండోస్ కంప్యూటరూ నీలం తెర చూపించి కూలబడింది. సంస్థ 78 నిమిషాల్లో తప్పు సరిదిద్దింది. ఈలోగానే సుమారు 85 లక్షల కంప్యూటర్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ లెక్కగట్టింది. విమానాలు, బ్యాంకులు, ఆసుపత్రులు ఎన్నో చోట్ల ఇబ్బంది పడ్డాయి. ఆ సాఫ్ట్‌వేర్ వాడేది సంస్థలే కాబట్టి ఇళ్లలోని కంప్యూటర్లకు పెద్దగా ఏమీ కాలేదు.

మరి మందేమిటి? కంప్యూటర్‌ను సేఫ్ మోడ్‌లో లేపాలి. విండోస్ ఫోల్డర్‌లో, డ్రైవర్ల మధ్యనున్న 291 నంబరు ఫైలును తీసేయాలి. మళ్లీ ఆన్ చేయాలి. అంతే! అక్కడ ఫైలు పోవడం కాదు, చెడిపోవడం. ఫలితం మాత్రం ఒకటే. లక్షల కంప్యూటర్లు లేవలేదు. వాటిలోని పత్రాలు, లెక్కలు మాత్రం చెక్కుచెదరలేదు.

దీనికి పూర్తిగా తిరగబడిన కథ అంతకు ఏడేళ్ల ముందు జరిగింది. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ 150 దాకా దేశాల్లో కంప్యూటర్ల మీద పడింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అక్కడ విండోస్ బాగానే లేచింది. లోపలి పత్రాలకే తాళాలు పడ్డాయి. తీయాలంటే డబ్బు కట్టమని తెర మీద బెదిరింపు! ఆ వైరస్ దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందు, మార్చిలోనే విడుదల చేసింది. వేసుకోనివాళ్లకే దెబ్బ తగిలింది.

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో కంప్యూటర్ లేవలేదు, సొత్తు మిగిలింది. రెండోదాంట్లో కంప్యూటర్ లేచింది, సొత్తు పోయింది. చూడ్డానికి మొదటిదే భయంకరంగా ఉంటుంది. నిజంగా భయపడాల్సింది రెండోదానికి!

తెర ఏమంటోంది?

కంప్యూటర్ లేవనప్పుడు తెర మీద వచ్చే వాక్యాన్ని ముందు సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకోండి. బాగుచేసేవాళ్లకు సగం పని తగ్గుతుంది. ఆ వాక్యాల అర్థం ఇదీ.

'ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్' అని వస్తే అది విండోస్ ఎక్స్‌పీ కాలపు కంప్యూటర్. విండోస్‌ను మొదలుపెట్టే ఫైలు పేరే ఎన్‌టీఎల్‌డీఆర్. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తోనే సెలవు చెప్పింది. అలాంటి పాత యంత్రం ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే, ఎక్స్‌పీ సీడీలోని ఐ386 అనే ఫోల్డర్‌లో ఆ ఫైలు ఉంటుంది. రికవరీ కన్సోల్ ద్వారా అక్కడి నుంచి కాపీ చేస్తే సరిపోతుంది.

'బూట్‌ఎంజీఆర్ ఈజ్ మిస్సింగ్' అంటే విస్టా, ఆ తర్వాత వచ్చిన విండోస్‌లలో బూట్ మేనేజర్ కనిపించడం లేదని. 'బీసీడీ' అనే మూడక్షరాలు కనిపిస్తే, ఏ విండోస్ ఎక్కడుందో రాసిపెట్టుకునే చిట్టా పాడైందని అర్థం.

'నో బూటబుల్ డివైస్' లేదా 'ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్' అంటే విండోస్ ఉన్న డిస్కునే కంప్యూటర్ కనిపెట్టలేకపోయిందని. ఇక్కడ ఫైలు పోయి ఉండకపోవచ్చు. తీగ వదులై ఉండొచ్చు, డిస్కే చెడిపోయి ఉండొచ్చు.

ఇంట్లోనే చూసుకోగలిగినవి

స్క్రూడ్రైవర్ పట్టుకోక ముందే కొన్ని చిన్న పరీక్షలున్నాయి. వీటికి పైసా ఖర్చు లేదు.

పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, సీడీ ఏదైనా కంప్యూటర్‌లో ఉండిపోయిందేమో చూడండి. విండోస్ కోసం కంప్యూటర్ అందులో వెతుకుతూ 'లేదు' అంటూ ఉండొచ్చు. ఫ్లాపీల కాలంలోనూ ఇదే తంతు. మరిచిపోయిన ఫ్లాపీ తీసి ఎంటర్ నొక్కగానే కంప్యూటర్ లేచేది.

డెస్క్‌టాప్ అయితే తేదీ చూడండి. ఆన్ చేసినప్పుడల్లా పాత సంవత్సరం చూపిస్తుంటే మదర్‌బోర్డు మీదుండే గుండ్రటి బటన్ సెల్ అయిపోయినట్టు. ఆ సెల్ అయిపోతే ఏ డిస్కు నుంచి లేవాలో కూడా కంప్యూటర్ మరిచిపోవచ్చు. దాని ఖరీదు చాలా తక్కువ. ఇంత చిన్నదానికే ఫార్మాట్ దాకా వెళ్లిన సందర్భాలుంటాయి!

కరెంటు ప్లగ్గు పీకేసి, క్యాబినెట్ మూత తీసి, హార్డ్ డిస్కుకు వెళ్లే తీగలు రెండు వైపులా గట్టిగా ఉన్నాయో లేదో నొక్కి చూడండి. దుమ్ము, చెమ్మ ఎక్కువగా ఉండే చోట ఇవి వదులవుతుంటాయి. ల్యాప్‌టాప్ అయితే విప్పొద్దు.

చివరిగా చెవి పెట్టి వినండి. హార్డ్ డిస్కు నుంచి 'టిక్... టిక్...' అని ఆగకుండా చప్పుడొస్తుంటే వెంటనే ఆపేయండి. లోపలి భాగాలు దెబ్బతిన్నాయనడానికి అది గుర్తు. ఆన్ చేసిన ప్రతిసారీ ఫొటోలు మిగిలే అవకాశం తగ్గుతుంది. అలాంటి డిస్కు మీద ఏ రిపేరూ చేయనివ్వకండి. ముందు డేటా తీయగలవాళ్ల దగ్గరకు తీసుకెళ్లాలి.

విండోస్ లేకుండానే ఫొటోలు బయటికి

చప్పుడేమీ లేదనుకోండి. అప్పుడు మీ ఫైళ్లను మీరే కాపీ చేసుకోవచ్చు. విండోస్ 10, 11 వరసగా రెండుసార్లు లేవలేకపోతే, ఆ తర్వాతిసారి తమంతట తామే నీలం రంగు రిపేరు తెరకు తీసుకెళ్తాయి. అక్కడ 'ట్రబుల్‌షూట్', తర్వాత 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్', తర్వాత 'కమాండ్ ప్రాంప్ట్' ఎంచుకోండి. నల్లటి డబ్బా ఒకటి తెరుచుకుంటుంది. అందులో నోట్‌ప్యాడ్ అని ఇంగ్లిష్‌లో కొట్టి ఎంటర్ నొక్కండి.

నోట్‌ప్యాడ్‌తో ఏం పని అంటారా? అందులో 'ఫైల్', 'ఓపెన్' నొక్కితే మొత్తం డిస్కులన్నీ కనిపించే కిటికీ తెరుచుకుంటుంది. దాని అడుగున 'టెక్స్ట్ డాక్యుమెంట్స్' అని ఉన్నచోట 'ఆల్ ఫైల్స్' అని మార్చండి. ఇప్పుడు 'యూజర్స్' ఫోల్డర్‌లో మీ పేరు, దాని కింద డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ దొరుకుతాయి. కావాల్సిన ఫోల్డర్ మీద మౌసు కుడి బటన్ నొక్కి 'కాపీ' అనండి. పెన్‌డ్రైవ్ తెరిచి 'పేస్ట్' అనండి.

రెండు జాగ్రత్తలు. ఇక్కడ డిస్కుల అక్షరాలు మారిపోయి, 'సి' అనుకున్నది 'డి'గా కనిపించొచ్చు. గాభరా పడకండి. ఇక కాపీ ఎంతవరకు వచ్చిందో చూపించే గీత ఇక్కడ రాదు. తెర బిగుసుకుపోయినట్టు ఉంటుంది. ఫొటోలు ఎక్కువుంటే టీ తాగి వచ్చేంతసేపు ఓపిక పట్టాలి. ట్యాలీ వంటి లెక్కల సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు దాని డేటా ఫోల్డర్ వేరేచోట ఉంటుందని మరిచిపోకూడదు.

రిపేరు తెర కూడా రాకపోతే వేరే కంప్యూటర్‌లో ఉబుంటు లాంటి లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దానితో లేపొచ్చు. ఇన్‌స్టాల్ చేయకుండా 'ట్రై' అనే మాట ఎంచుకుంటే మీ డిస్కును కదపకుండానే ఫైళ్లు చూపిస్తుంది. అదీ చేతకాకపోతే డిస్కును విప్పించి, యూఎస్‌బీ డబ్బాలో పెట్టి వేరే కంప్యూటర్‌కు తగిలించమని అడగండి. బాగుచేసే షాపులో నిమిషాల పని అది.

48 అంకెల తాళంచెవి

కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది ఇది. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కుకు బిట్‌లాకర్ అనే తాళం ముందే వేసి ఉంటుంది. దొంగ ఎత్తుకెళ్లినా లోపలివి చదవలేడు. మంచిదే. కానీ రిపేరు చేయబోతే ఆ తాళం యజమానినీ అడుగుతుంది, '48 అంకెల రికవరీ కీ చెప్పండి' అని! 2024లో చాలా సంస్థలకు తల బొప్పి కట్టింది ఇక్కడే. ఫైలు తీసేయడం క్షణాల పని, తాళంచెవి వెతకడానికే ఆలస్యం.

మైక్రోసాఫ్ట్ ఖాతాతో ల్యాప్‌టాప్ మొదలుపెట్టి ఉంటే ఆ కీ సాధారణంగా ఆ ఖాతాలోనే దాచి ఉంటుంది. ఫోన్ నుంచి కూడా చూసుకోవచ్చు. కంప్యూటర్ బాగున్న రోజే దాన్ని ఒక కాగితం మీద రాసి, పొలం పాసు పుస్తకాలు పెట్టే బీరువాలో పెట్టండి. కొన్నప్పుడు షాపువాళ్లే తమ ఈమెయిల్‌తో ఖాతా తెరిచి ఇస్తే ఆ కీ వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. అందుకే ఖాతా మీ ఈమెయిల్‌తోనే తెరిపించుకోండి.

ఇప్పుడు విండోస్ సంగతి

మీ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి చేరాయి. ఇక ధైర్యంగా రిపేరు మొదలుపెట్టొచ్చు. నీలం తెరలోని 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లో మొదట 'స్టార్టప్ రిపేర్' నొక్కండి. పోయిన బూట్ ఫైళ్లను, చెదిరిన చిట్టాను చాలాసార్లు అదే సరిచేస్తుంది. నిన్ననే అప్‌డేట్ వచ్చి ఇవాళ లేవకపోతే 'అన్ఇన్‌స్టాల్ అప్‌డేట్స్' ప్రయత్నించండి. అదీ కాకపోతే 'సిస్టమ్ రిస్టోర్'తో కంప్యూటర్‌ను బాగున్న పాత తేదీకి తీసుకెళ్లొచ్చు. ఈ మూడూ మీ ఫొటోల జోలికి పోవు.

కంప్యూటర్ లేచిన తర్వాత ఇంకో పని ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎస్ఎఫ్‌సీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ గీత పెట్టి, దాని పక్కనే స్కాన్‌నౌ అని కొట్టండి. విండోస్ తన ఫైళ్లన్నిటినీ ఒక్కొక్కటే పరీక్షించుకుని, పాడైనవాటి స్థానంలో మంచివి పెట్టుకుంటుంది.

ఏదీ కుదరక 'రీసెట్' దాకా వస్తే అక్కడ రెండు దారులుంటాయి. 'కీప్ మై ఫైల్స్' అంటే ప్రోగ్రాములు పోతాయి, మీ ఫైళ్లు ఉంటాయి. 'రిమూవ్ ఎవ్రీథింగ్' అంటే పేరులోనే ఉంది... అన్నీ పోతాయి! కాపీ లేకుండా దాన్ని నొక్కొద్దు.

ఆ ఫైలు ఇంటర్నెట్‌లో వెతకొద్దు

'ఫలానా డీఎల్ఎల్ ఫైలు లేదు' అనగానే ఇంటర్నెట్‌లో ఆ పేరు వెతికి దొరికినచోట నుంచి తెచ్చి పెట్టేస్తుంటారు కొందరు. అది వైరస్‌ను ఇంటికి పిలిచి పీట వేయడమే. సిస్టమ్ ఫైలు విండోస్ రిపేరు ద్వారానో, మైక్రోసాఫ్ట్ నుంచి తెచ్చుకున్న విండోస్ నుంచో మాత్రమే రావాలి.

'ఈ ఫైలు కనిపిస్తే వెంటనే తీసేయండి' అనే సందేశాలనూ నమ్మొద్దు. 2002లో ఇలాంటిదే ఒక ఈమెయిల్ ప్రపంచమంతా తిరిగింది. ఎలుగుబంటి బొమ్మ ఉన్న ఒక ఫైలు వైరస్ అనీ, తీసేసి పది మందికీ చెప్పమనీ దాని సారాంశం. నిజానికి అది విండోస్‌తో పాటే వచ్చిన మామూలు ఫైలు. ఎందరో దాన్ని తమ చేత్తోనే తీసేశారు. కంప్యూటర్ లేవడానికి అది అవసరమైనది కాదు కాబట్టి సరిపోయింది!

ముందే చేసుకుంటే...

సిస్టమ్ ఫైళ్లు పాడవడానికి ముఖ్య కారణాల్లో ఒకటి ఉన్నట్టుండి కరెంటు పోవడం. విండోస్ ఏదైనా రాసుకుంటున్న క్షణంలో కరెంటు పోతే ఆ రాత సగంలో ఆగుతుంది. డెస్క్‌టాప్‌కు మంచి బ్యాటరీ ఉన్న యూపీఎస్ తప్పనిసరి. అప్‌డేట్ నడుస్తున్నప్పుడు స్విచ్ ఆపొద్దు. గాలివాన సూచన ఉన్నరోజు అప్‌డేట్‌ను వాయిదా వేసుకోవడమే మేలు.

బాగున్న రోజే 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి కొని, మైక్రోసాఫ్ట్ సైటులో ఉచితంగా దొరికే 'మీడియా క్రియేషన్ టూల్'తో అందులో విండోస్ ఎక్కించి పెట్టుకోండి. ఎక్కించేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో అంతకు ముందున్నవన్నీ చెరిగిపోతాయని గుర్తుంచుకోండి. అవసరమైనప్పుడు దింపుకోవచ్చులే అనుకుంటే ఆ వేళకు నెట్ ఉండకపోవచ్చు. 2022 మే 24న అమలాపురంలో జరిగిన ఘటనల తర్వాత కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేసిన సంగతి ఇక్కడివాళ్లకు గుర్తే.

ముఖ్యమైన ఫైళ్లకు మూడు కాపీలుండాలి. ఒకటి కంప్యూటర్‌లో, రెండోది విడిగా ఒక హార్డ్ డిస్కులో, మూడోది ఇంటి బయట. 1996 నవంబరు 6 నాటి తుపాను చూసిన కోనసీమ కుటుంబాలకు ఈ మూడోది ఎందుకో చెప్పక్కర్లేదు. మొన్నటికి మొన్న 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గరే తీరం దాటింది. కంప్యూటరూ, కాపీ ఉన్న డిస్కూ ఒకే బల్ల మీద ఉంటే ఒకే నీటికి రెండూ తడుస్తాయి. ఇంకో ఊళ్లో ఉన్న అన్నదమ్ముల ఇంట్లో ఒక డిస్కు ఉంచినా సరే, వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ లాంటి చోట దాచుకున్నా సరే.

ఇవేవీ మీ వల్ల కాకపోతే షాపుకే తీసుకెళ్లండి, తప్పులేదు. సీపీయూ వాళ్ల చేతికిచ్చే ముందు ఒక కాగితం మీద ఈ రెండు ముక్కలు రాసి దానికి అంటించండి. 'ముందు డేటా కాపీ చేయండి. నన్ను అడగకుండా ఫార్మాట్ చేయవద్దు.' కింద మీ ఫోన్ నంబరు. కాపీ అయ్యాక పెన్‌డ్రైవ్‌ను ఇంకో కంప్యూటర్‌లో పెట్టి, నాలుగు ఫొటోలు తెరిచి కళ్లారా చూసుకోండి. 'ఫార్మాట్ కొట్టేద్దామా?' అని వాళ్లడిగితే అప్పుడు చెప్పండి, 'సరే' అని!